పన్నెండు డిగ్రీల తేడాలో ఒక జపాన్ రాణి

మారికుప్పం నుంచి బెంగళూరికి పోయే పొద్దుటి రైల్లో నాకు ఎప్పుడూ ఎండ పడే వైపే సీటు దొరుకుతుంది. ఇది ఇవాళ్టి బాధ కాదు, ఇరవై ఏళ్ళ నాటిది. కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టేవాళ్ళకు, టీ అమ్మేవాళ్ళకు, నిద్రలోనే ఎక్కి నిద్రలోనే దిగే కంప్యూటరు పిల్లలకు నీడ ఏ వైపు వస్తుందో ఎట్లా తెలుస్తుందో నాకు అంతుపట్టదు. నేను మాత్రం బాగా ఆలోచించి, రైలు మలుపులు కూడా లెక్కవేసి ఒక వైపు కూర్చుంటాను. బంగారుపేట దాటేసరికి ఎండ వచ్చి నా ఒళ్ళో కూర్చుంటుంది. నలభై ఏళ్ళు దిక్కులు కొలిచి జీతం తీసుకున్నవాడు గొప్పగా చెప్పుకునే విషయం కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పక్కసీటు పెద్దాయనే అడిగారు.

"ఏమప్పా, రోజూ అటే కూర్చుంటావు? ఎండ తగలాలని డాక్టరు చెప్పినాడా?"

"లేదు సార్. లెక్క తప్పుతా ఉండాది."

"దీనికి లెక్కేమిటికి? పూలమ్మే ఆమె యాడ కూర్చుంటే ఆ పక్క కూర్చో. ఎండ తగిలితే ఆమె పూలు వాడిపోతాయి. ఆమె తప్పు చేయదు."

నా ఉద్యోగ జీవితంలో చివరి పెద్ద పని, నేను చేసిన అతి పెద్ద తప్పు, రెండూ ఈ పెద్దాయనతోనే మొదలయ్యాయి. సర్వే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివినా నష్టం లేదు, వాళ్ళు ఎట్లాగూ మారరు.

ముందు నా సంగతి. మా తాత చిత్తూరు పక్కనుంచి వచ్చి కోలారు బంగారు గనుల్లో దిగాడు. మా నాన్న కూడా దిగాడు. నేను బీఎస్సీ చదివినందువల్ల దిగుతూ ఎక్కుతూ ఉండే ఉద్యోగం వచ్చింది, గని సర్వే ఆఫీసులో. కింద కొలవడం, పైకి వచ్చి గీయడం. పద్దెనిమిదేళ్ళు చేశాక గనులు మూసేశారు. తర్వాత మాలూరులో ఒక ప్రైవేటు సర్వే కంపెనీలో చేరాను. మామిడితోటలను ఇళ్ళ స్థలాలుగా చీల్చడం వాళ్ళ పని. భూమి కింద చీకట్లో మైళ్ళకొద్దీ సొరంగాలు కలిపినవాణ్ణి, భూమి మీద ముప్పై బై నలభై సైట్లు గీసుకుంటూ రోజూ ఈ రైల్లో పోయేవాణ్ణి.

పెద్దాయన చరిత్ర ప్రొఫెసరు. పుట్టింది మాస్తి దగ్గర ఒక పల్లె. జపాన్‌లో ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పారు. అక్కడి పండితులు ఒక్కరు మిగలకుండా అందరితోనూ పోట్లాడి, తిరిగివచ్చి రాబర్ట్‌సన్‌పేటలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. వారానికి రెండుసార్లు బెంగళూరు లైబ్రరీకి పోతారు. డెబ్బై దాటాయి. జపాన్ ప్రాచీన చరిత్ర అనే మాట వింటే మాత్రం పాతికేళ్ళవాడు అయిపోతారు. రైలు టేకల్ చేరేలోపు నాకు ఆ దేశపు పుట్టుక అంతా చెప్పేశారు.

"చైనావాళ్ళ పాత చరిత్రలో జపాన్ రాణి ఒకామె ఉండాది. మంత్రాల రాణి, ఎవురికీ కనబడదు. ఆమె ఊరికి దారి కూడా రాసిపెట్టినారు. ఇన్ని దినాలు పడవలో దక్షిణానికి పో, ఇన్ని దినాలు నడువు అని. ఆ దారి పట్టుకోని అట్లే పోతే ఏం వస్తాదో చెప్పు?"

"రాణి ఊరు సార్."

"సముద్రం! నట్టనడి సముద్రం!" అని ఆయన తొడ చరిచారు. తొడ నాది.

అక్కడి పండితులు దీని మీద రెండు పక్షాలట. ఒక పక్షం, రాసినవాడు దూరం తప్పు రాశాడు, రాణి ఊరు పడమటి దీవి క్యూషులోనే ఉంది అంటుంది. రెండో పక్షం, దూరం సరే, దిక్కు తప్పు రాశాడు, దక్షిణం అన్నచోట తూర్పు అని చదువుకోవాలి, ఊరు నడిదేశంలో ఉంది అంటుంది. తరతరాలుగా ఇదే తగాదా. మన ప్రొఫెసరు మూడో పక్షం. ఆ పక్షంలో ఆయన ఒక్కరే.

"రాసినోడు తప్పు రాయలేదు. ఆ ఊరోళ్ళు దేన్ని దక్షిణం అన్నారో దాన్నే రాసినాడు. వాళ్ళ దక్షిణం వేరే. ఒక్కో జనానికి ఒక్కో దిక్కు ఉంటాది. అది తెలుసుకోవాలంటే వాళ్ళ సమాధులు చూడాల. బతికుండేవాడు ఎటన్నా తిరుక్కుంటాడు. చచ్చినోణ్ణి మాత్రం ఒక లెక్క ప్రకారమే పెడతారు."

ఇంతవరకూ నాకు బాగానే ఉంది. తర్వాత ఆయన, క్యూషులోని పాత రాతి సమాధులన్నీ ఒకే వాలులో, అంటే నేరు తూర్పు నుంచి ఒకే కొలతన పక్కకు తిరిగి ఉన్నాయని, ఆ వాలు అక్కడ పుట్టింది కాదని, సముద్రం మీదుగా మన కోలారు జిల్లా నుంచే పోయిందని అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. టేకల్ బండలు కనబడుతున్నాయి. అవి ఎప్పుడైనా సముద్రం మొహం చూసినట్టు నాకు అనిపించలేదు.

ఆ సిద్ధాంతం వల్లనే ఆయన్ను అక్కడ ఒక సభలో మాట మధ్యలోనే ఆపి కూర్చోబెట్టేశారట. ఆ తర్వాత ఆయన రాసింది ఏ పత్రికా వేయలేదు. ముప్పై ఏళ్ళుగా ఆయన్ను ఖండిస్తూ వచ్చిన జపాన్ పండితుడు ఒకాయన ఉగాది ముందు బెంగళూరికి ఏదో సదస్సుకు వస్తున్నాడు. ఒక్క పూట కోలారు రాళ్ళు చూస్తానని ఒప్పుకున్నాడు.

"ఆయన సరే అంటే నా మాట ఒక్కచోటన్నా అచ్చవుతాది. కాదంటే నేను పోయినాక కూడా నా పేరు చెప్పుకోని నవ్వతారు. నాకు ఒక మంచి పటం కావాల. మైన్సులో సర్వే చేసినవాడు గీసింది అంటే ఇంగ ఎవురూ మాట్లాడరు."

ఆ చివరి మాటతో నేను పడిపోయాను. పద్దెనిమిదేళ్ళ గని పనికి ఇన్నేళ్ళ తర్వాత ఎవరో గౌరవం ఇచ్చారు. సైట్లు గీసేటప్పుడు ఆ అనుభవాన్ని ఎవరూ అడగరు.

క్యాసంబళ్ళి దారిలో ఒక పల్లె బయట రాగిచేనులో ఉన్నాయి ఆ రాళ్ళు. నిలబెట్టిన బండల మీద ఒక పెద్ద బండ కప్పు, ముందు బండకు గుండ్రని బొక్క, మనిషి దూరేంత. అట్లాంటి గదులు ఏడు. ఊళ్ళో వాళ్ళు పాండవుల ఇళ్ళు అంటారు. చేను ఒక పెద్దామెది. రాగి, రెండు ఆవులు, కొంచెం పట్టుపురుగులు ఆమె సంసారం. పాండవులు ఖాళీ చేసి పోయారు కాబట్టి ఆమె ఒక గదిలో గడ్డి వేసుకుంది.

ఒక ఆదివారం కంపెనీ వాళ్ళ టోటల్ స్టేషన్ అడిగి తీసుకుపోయాను. అంటే కోణమూ దూరమూ ఒకేసారి కొలిచే యంత్రం. సాయానికి గనిలో నాతో పనిచేసిన పాత చైన్‌మన్‌ను పిలిచాను. చైన్‌మన్ అంటే కొలిచే గొలుసు పట్టేవాడని అర్థం. గొలుసు ఎప్పుడో పోయింది, పేరు మిగిలింది, నోరు కూడా మిగిలింది.

ప్రొఫెసరు ముందే ఒక మాట అన్నారు. "క్యూషు సమాధులు ఎంత వాలినాయో నేను నీకు చెప్పను. చెప్తే నీ చెయ్యి అటు పోతాది. నువ్వు కొలువు, నేను చూస్తా." చాలా నిజాయితీ గల పద్ధతి. ఆ నిజాయితీయే మా కొంప ముంచింది.

యంత్రం పెట్టాక మొదట దానికి దిక్కు చెప్పాలి. ప్రొఫెసరు ఉత్సాహంగా తన ఫోను తీసి అందులోని కంపాస్ చూపించారు.

"ఇదిగో, బొక్క నేరుగా తూర్పుకే అంటా ఉండాదే? ఇట్లయితే నా గతేమి?"

"ఫోను ఏ షాఫ్టులో దిగింది సార్?" అన్నాను.

చైన్‌మన్ పడీపడీ నవ్వాడు. మా గనిలో కంపాస్ నమ్మినవాణ్ణి పెళ్ళిచూపుల్లో కూడా తిరస్కరించేవాళ్ళు. కింద ఎక్కడ చూసినా పట్టాలు, ఇనుప పైపులు, ముల్లు పిచ్చిదైపోతుంది. ఈ చేనులో కూడా పక్కనే బోరుబావి ఇనుప పైపు ఉంది. నాకు అది చాలు. దూరంగా గనుల వైపు చూస్తే రెండు షాఫ్టుల మీద, అంటే గనిలోకి దిగే బావుల మీద, ఇనుప గోపురాలు ఇంకా నిలబడే ఉన్నాయి. గని పటాల్లో వాటి స్థానాలు ఎంతెంతో నాకు నా పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. దుర్భిణిలో ఆ రెంటినీ పట్టుకుని, నేనున్న చోటు, నా దిక్కు లెక్కకట్టాను. పుస్తకం చూడకుండా. చైన్‌మన్ గర్వంగా ప్రొఫెసరు వైపు చూశాడు, వాడే కట్టినట్టు.

గడ్డి ఉన్న గది దగ్గర పెద్దామె నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"ఏం చూస్తా ఉండారప్పా ఆ మిషన్లో?"

"ఈ బొక్క ఏ పక్కకుందో చూస్తా ఉండామమ్మా."

"దానికి మిషన్ యాలప్పా? తూర్పుకుండాది. ఉగాది ముందర పొద్దు పుట్టినప్పుడు బొక్కలోనించి పోయి వెనక బండ నడిమధ్యకు పడ్తాది. మా అత్త కాలం నించీ ఆ పొద్దు చూసే మేము చేనికి ఎరువు తోలేది."

"అట్లనా అమ్మా," అన్నాను. "ఆ గడ్డి కొంచెం పక్కకు తీస్తారా? బండ అంచు కనబడలేదు."

ఆమె గడ్డి పక్కకు తీసింది.

వారం తర్వాత పటం పూర్తిచేసి రాబర్ట్‌సన్‌పేట ఇంటికి తీసుకుపోయాను. ఏడు గదులు, పైన ఉత్తరం బాణం, కింద నా సంతకం. ఏడింటి బొక్కలూ తూర్పు నుంచి దక్షిణానికి పన్నెండు డిగ్రీలు వాలి ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు. ప్రొఫెసరు అద్దాలు పెట్టుకుని చూశారు, తీసి చూశారు. లోపలికి పోయి ఒక పాత నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. క్యూషు సమాధుల వాలు. పన్నెండు డిగ్రీలు.

ఆ తర్వాత పావుగంట మేమిద్దరం ఎట్లా ప్రవర్తించామో రాయడం మర్యాద కాదు. ఆయన చెల్లెలు వంటింట్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చి, "ఎవురు పోయినారన్నా?" అని అడిగింది. నాకు కోలారు నుంచి జపాన్ దాకా సముద్రం మీద ఒక గీత గీసినట్టు, దానికి ఈ చివర నేను నిలబడినట్టు అనిపించింది. టేకల్ బండలకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

పిల్లలూ, ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నచ్చని లెక్కను అందరూ పదిసార్లు కూడతారు. నచ్చిన లెక్కను ఎవరూ రెండోసారి కూడరు. ఆయన ఫోను తూర్పు అన్న సంగతి ఆయనకు గుర్తులేదు. నాకు గుర్తుంది, కానీ నేను దాన్ని జోకుగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాను.

జపాన్ పండితుడు వచ్చే రోజు వచ్చింది. వాళ్ళు బెంగళూరు నుంచి పది గంటలకు చేరతారు. నేనూ చైన్‌మన్ చీకటి విడిచేసరికే చేనులో ఉన్నాం. వచ్చినవాళ్ళకు కంటికి కనబడేట్టు సున్నంతో రెండు గీతలు వేయాలని నా ఆలోచన. ఒకటి అసలైన తూర్పు. రెండోది గది చూస్తున్న దిక్కు. రెండింటి మధ్య పన్నెండు డిగ్రీల సందు. పటం ప్రకారం కోణం పెట్టి, చైన్‌మన్ సున్నం పోస్తూ పోయాడు, నేను వెనకే చేత్తో అంచులు సర్దుతూ పోయాను. చూడటానికి చాలా అందంగా వచ్చింది. పెద్దామె ఆవు పాలు పితికి, చెంబుతో వచ్చి నిలబడింది.

అప్పుడు సూర్యుడు వచ్చాడు.

నా తూర్పు గీత మీద కాదు. దానికి బాగా కుడిపక్కన, రెండో గీత చివర, గది ఎటు చూస్తోందో సరిగ్గా అక్కడ. ఎర్రటి వెలుగు ముందు బండ బొక్కలోంచి దూరి, లోపలికి పోయి, వెనక బండ నడిమధ్య గుండ్రంగా కూర్చుంది.

చైన్‌మన్ సున్నం తట్ట కింద పెట్టాడు. "సార్, పొద్దు తప్పు జాగాలో పుట్టింది."

"ఉండు, కాసేపు చూద్దాం," అన్నాను. సూర్యుడు సర్దుకుంటాడని నాకు కొంచెం ఆశ ఉండింది.

పెద్దామె పాలచెంబు చంక మార్చుకుంది.

పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులవి. ఆ రోజుల్లో సూర్యుడు తూర్పునే పుడతాడు, ఎవరి సిద్ధాంతం కోసమూ పక్కకు జరగడు. అయితే తప్పింది నా తూర్పు. ఎంత తప్పింది? పన్నెండు డిగ్రీలు. పన్నెండు అనుకోగానే ఆ అంకె నేను ముందెక్కడ విన్నానో గుర్తొచ్చింది.

గనిలో చేరిన మొదటి వారం మా చీఫ్ సర్వేయరు నన్ను నిలబెట్టి అడిగాడు. "మన ఉత్తరానికీ దేవుడి ఉత్తరానికీ తేడా ఎంత?" సంగతి ఏమిటంటే, బంగారపు రాయి భూమిలో ఒక పొడుగాటి గోడలాగా సాగిపోతుంది. ఆ గోడ ఎటు సాగితే అటే ఉత్తరం అనుకుంటే పటాలు గీయడం తేలిక, కాగితం కలిసి వస్తుంది. మొదట వచ్చిన దొరలు ఎవరో అట్లా పెట్టారు. అదే గని ఉత్తరం. దేవుడి ఉత్తరానికి పన్నెండు డిగ్రీలు పడమరకు ఉంటుంది. మా పటాలన్నీ, మా షాఫ్టుల లెక్కలన్నీ దాని మీదే. "పన్నెండు డిగ్రీలు సార్," అన్నాను. "సరే, ఇంక మరచిపో," అన్నాడు చీఫ్. నా మొత్తం ఉద్యోగంలో పైవాళ్ళు చెప్పిన మాటను అక్షరాలా పాటించింది అదొక్కటే.

ఆ రెండు ఇనుప గోపురాలు పట్టుకుని నేను దిక్కు కట్టాను కదా. అవి నాకు గని ఉత్తరమే ఇచ్చాయి. దాన్ని తీసుకొచ్చి ప్రపంచపు ఉత్తరమని పటం మీద బాణం వేశాను. పాండవుల ఇళ్ళు నేరుగా తూర్పుకే ఉన్నాయి, ఈ దేశంలో ఇట్లాంటి చాలా గదుల్లాగే. వాలింది నేను.

చైన్‌మన్‌కు విషయం చెప్పాను. వాడు గడ్డం గోక్కుని చాలా తెలివైన సలహా ఇచ్చాడు.

"గమ్మున ఉండండి సార్. సున్నం నేను కాల్తో చెరిపేస్తా. వాళ్ళొచ్చేది పది గంటలకు. అప్పటికి పొద్దు నెత్తికెక్కుంటాది. పటంలో ఉండేది పటంలో ఉండనీండి. పెద్దాయన పాపం సంతోషంగా ఉండాడు. ఎవురికి తెలుస్తాది?"

ఎవరికీ తెలియదు. అందుకే నాకు భయమేసింది.

మా ఆఫీసులో ఒక ఆచారం ఉండేది. కొలతలు రాసుకునే పుస్తకం దగ్గరికి రబ్బరు రాకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఎర్ర సిరాతో ఒకే గీత, పైన సరైన అంకె, పక్కన సంతకం. తప్పు కింద కనబడుతూనే ఉండాలి. ఒకసారి రెండు గుంపులు రెండు వైపుల నుంచి సొరంగం తవ్వుకుంటూ వస్తున్నాయి. కలిసే రోజు దగ్గరపడింది. ఇటువాళ్ళకు అటువాళ్ళ డ్రిల్లు చప్పుడు ఎదుటినుంచి కాక పక్కనుంచి వినబడింది. మందు పేలిస్తే ఎవరి మీద పేలుతుందో తెలియదు. అప్పుడు ఒక కుర్ర సర్వేయరు పరుగెత్తుకుంటూ పోయి, ఒక అంకె తప్పు రాసి రబ్బరుతో చెరిపానని చీఫ్‌తో చెప్పాడు. పని ఆపారు. ఎవరికీ ఏమీ కాలేదు. చీఫ్ తిట్టలేదు. ఎర్ర సిరా సీసా తెచ్చి వాడి ముందు పెట్టాడు. ఆ కుర్రవాడు నేను కాదని రాయాలని ఎంతో ఉంది.

ప్రొఫెసరుకు ఫోను చేశాను. దారిలో సిగ్నల్ లేదు. చైన్‌మన్‌ను ఊళ్ళోకి పంపి ఎర్ర పెన్ను తెప్పించాను.

పదింటికి వ్యాను వచ్చింది. జపాన్ పండితుడు పొట్టిగా, తెల్ల టోపీతో, నీట్‌గా ఉన్నాడు. ప్రొఫెసరు కొత్త చొక్కా వేసుకున్నారు, మడత గీతలు ఇంకా పోలేదు. పండితుడు పెద్దామె ముందు నడుం దాకా వంగి నమస్కారం చేశాడు. ఆమె కంగారుగా నేల వెతికింది. "ఏమన్నా పడిపోయెనా అప్పా?"

ప్రొఫెసరు పటం కప్పుబండ మీద పరిచి, గొంతు సవరించుకున్నారు. ముప్పై ఏళ్ళుగా సవరించుకుంటున్న గొంతు అది.

"సార్, ఒక్క నిమిషం," అని నేను అడ్డం పోయాను.

పటం మీద ఉత్తరం బాణానికి అడ్డంగా ఎర్రగా ఒక గీత గీశాను. పక్కన సరైన బాణం వేశాను. సంతకం పెట్టాను. పెడుతూ అంతా తెలుగులో చెప్పాను. గని ఉత్తరం, రెండు గోపురాలు, పొద్దున సూర్యుడు. "మీ పన్నెండు డిగ్రీలు మీవే సార్. నా పన్నెండు మాత్రం మా గనివి. ఈ రాళ్ళు నేరుగా తూర్పుకే ఉండాయి."

ప్రొఫెసరు అద్దాలు తీసేశారు. పండితుడు నెమ్మదిగా ఏదో అడిగాడు. నేను ఏమన్నానని అడుగుతున్నాడని నాకు అర్థమైంది. అక్కడ తెలుగూ జపాను భాషా రెండూ తెలిసినవాడు ఒక్కరే ఉన్నారు. ఆయన ఏం చెబితే అదే నిజం. వాతావరణం గురించి చెప్పినా నేను కాదనలేను.

ఆయన అద్దాలు మళ్ళీ పెట్టుకుని ఆ ఎర్ర గీత మీదకు వంగారు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఇట్లా గీసేది నువ్వొక్కడివేనా, ఆఫీసులో అందరూనా?"

"అందరూ సార్."

"ఎన్నేళ్ళు?"

"మూసేసేదాకా సార్. మా తాత కాలంనుంచీ."

"పటం మీద యాడన్నా రాసేవాళ్ళా, ఇది మా ఉత్తరం, లోకం ఉత్తరం కాదు అని?"

"యాల రాస్తాము సార్? అందరికీ తెలుసు కదా."

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. సున్నం అంతా కొత్త చొక్కాకు అంటుకుంది. "అందరికీ తెలుసు కదా! అయ్యో, అందరికీ తెలుసు కదా! విన్నావా?" అని తెలుగులోనే పండితుడి మీద అరిచి, గుర్తొచ్చి, జపాను భాషలోకి దూకారు. రాగి మోళ్ళలో గుండ్రంగా తిరుగుతూ చెబుతున్నారు. ఒక చేత్తో గనుల గోపురాలు చూపిస్తారు, ఇంకో చేత్తో నన్ను చూపిస్తారు, వేలితో గాలిలో పడవ నడుపుతారు. ఒక్క ముక్క రాకపోయినా నాకు అంతా అర్థమైంది. చదువుకున్నవాళ్ళు, కొలవడమే పనిగా ఉన్నవాళ్ళు, తమకంటూ ఒక ఉత్తరం పెట్టుకుని, దాన్ని కాగితం మీద రాయకుండా తరాల తరబడి బతికారు. బయటివాడు ఆ పటం చూసి దారి రాసుకుంటే సముద్రంలోకే పోతాడు. ఆ వాడుకకు సాక్షి బతికి, మాలూరులో సైట్లు గీస్తూ, సున్నం చేతులతో ఎదురుగా నిలబడి ఉన్నాడు.

పండితుడు బండ మీద కూర్చున్నాడు. టోపీ తీశాడు. నా వైపు చూసి ఒక్కో ప్రశ్నా వేశాడు. ప్రొఫెసరు తెలుగు చేశారు.

"మీ ఆఫీసుకు బయటినుంచి వచ్చినవాళ్ళకు ఈ సంగతి చెప్పేవాళ్ళా అంటాడు."

"అడిగితే చెప్పేవాళ్ళం సార్."

"ఎవురన్నా అడిగినారా అంటాడు."

"నాకు తెలిసి ఎవురూ అడగలేదు."

పండితుడు నవ్వడం మొదలుపెట్టాడు. మొదట భుజాలు, తర్వాత పొట్ట, తర్వాత కళ్ళనీళ్ళు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. ముప్పై ఏళ్ళలో తన మాట విని ఆయన పెన్ను తీయడం ఇదే మొదలని ప్రొఫెసరు తర్వాత చెప్పారు. చివరికి పండితుడు ఒకటే మాట అన్నాడట: ఇది రుజువు కాదు, కానీ ఇకమీదట నీ మాటకు నవ్వడానికి కూడా లేదు. సముద్రం సంగతి కొట్టెయ్యి, గని సంగతి రాసి పంపు, నేను వేయిస్తాను. నవ్వకపోతే చాలనుకున్న మనిషికి అచ్చు కూడా దొరికింది. కోలారు నుంచి పడవలు పోలేదని తేలినందుకు ఆయన ఒక్క నిమిషం బాధపడ్డారు. నేను గడియారం చూశాను, నిమిషం కూడా కాలేదు.

పటం కావాలని పండితుడు అడిగాడు. సరిచేసి కొత్తది గీసి పంపుతానన్నాను. వద్దన్నాడు, ఎర్ర గీత ఉన్నదే కావాలన్నాడు. నేను గీసిన వందల పటాల్లో విదేశం పోయింది అదొక్కటి.

మేమందరం ఒకేసారి మాట్లాడుతున్నాం. చైన్‌మన్ కూడా పండితుడికి తెలుగులో గని కథలు చెబుతున్నాడు, ఆయన తల ఊపుతున్నాడు. పెద్దామె మజ్జిగ తెచ్చి తలా ఒక లోటా ఇచ్చింది. చైన్‌మన్‌ను పక్కకు పిలిచింది.

"ఏమిటికప్పా వీళ్ళకింత సంబరం?"

"ఏ కాలంలోనో చచ్చిపోయిన రాణి ఉండాదమ్మా, జపాన్‌లో. ఆమె ఊరు యాడుండాదో వెతకతా ఉండారు."

"దొరికెనా?"

"లేదు."

"మరి ఏం తేలె?"

చైన్‌మన్ ఒక గుటక మజ్జిగ తాగాడు. "పొద్దు తూర్పున పుడతాదని తేలిందమ్మా."

ఆమె లోటాలు ఏరుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నా చేతిలోది కూడా తీసుకుని, ఎండలో మెరుస్తున్న సున్నం గీతల వైపు ఒకసారి చూసింది.

"చచ్చిపోయిన రాణి మాట కోసరం సముద్రం దాటి వస్తారు. బతికుండేదాన్ని నేను చెప్తే, గడ్డి పక్కకు తీయమంటివి కదప్పా."